రెండో చూపు

సభ జరిగే హాలుకి ఆనుకుని ఉన్న పక్కగదిలో ఒకే ఒక్క కుర్చీ ఉంది. దాని మీద పెద్దకోడలు కూర్చుని ఉంది, ఒళ్లో ఫైలు, ఫైల్లో అసలు ఫిల్ము, ఎదురుగా గోడ మీద హాల్లో మాటలు వినిపించే స్పీకరు పెట్టె. ఇంట్లో ఆమె ఎలాగూ పెద్దకోడలే. మరిది భార్య కూడా అదే ఆఫీసులో చేరిన దగ్గర్నుంచి ఆఫీసులోనూ పెద్దకోడలే అయిపోయింది, అంతకుముందు ఆమెకో పేరుండేదన్న సంగతి జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. వాళ్ల విభాగం పని విమానం నుంచి తీసిన ఫొటోలు చదవడం. ఒకరు చదివి రాసిన దాన్ని ఇంకొకరు మొదటినుంచీ మళ్లీ చూసి సంతకం పెడితేనే అది పైకి వెళ్తుంది, ఆ సంతకానికి రెండో చూపు అని పేరు. అలాంటి ఫొటోని సభలో చూపించే రోజున మొదటి చూపు మనిషి మంత్రిగారి వెనక వరుసలో కూర్చుంటుంది, అందరికీ కనబడుతుంది. రెండో చూపు మనిషి ఈ గదిలో కూర్చుంటుంది, ఎవరైనా సభ్యుడు సందేహం అడిగితే జవాబు రాసి పంపడానికి. ఆమె ఇక్కడ కూర్చోవడం ఇది ఏడోసారి. ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు.

పదకొండయింది. స్పీకరులో కుర్చీలు జరిపిన చప్పుడు, ఎవరిదో దగ్గు, కాగితాల గలగల. చిన్నకోడలు ఈపాటికి కూర్చుని ఉంటుంది, వీపు నిటారుగా, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ కూర్చునే తీరు కూడా ఎక్కడో నేర్చుకున్నట్టే ఉంటుంది. నిన్న పొద్దున అద్దం ముందు నిలబడి ఎలా కూర్చోవాలో రెండుసార్లు చేసి చూపించి, బాగుందా అక్కా అని అడిగితే, బాగుందమ్మా అంది పెద్దకోడలు, బాగానే ఉంది మరి, అదే కదా ఒళ్లు మండేది. ఇంటి దగ్గర అత్తగారు తొమ్మిదింటికే టీవీ పెట్టించుకుని కూర్చున్నారు, పక్కింటివాళ్లని కూడా పిలిచారు. భర్త సగం రోజు సెలవు పెట్టాడు. ఇన్నేళ్లలో తన కోసం ఎన్నడైనా ఒక్క గంట సెలవు పెట్టిన మనిషా! మా మరదలు టీవీలో కనిపిస్తుందని వీధి చివర మందుల షాపతనికి కూడా చెప్పొచ్చాడు. మరి నేనో అంటే, నువ్వు కనిపించవు కదే అన్నాడు. అన్నది నిజమే. అతనెప్పుడూ నిజమే మాట్లాడతాడు, అందుకే అతనితో పోట్లాట పెట్టుకోవడం కష్టం.

అసలు ఈ కొరివితో తల గోక్కున్నది తనే. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ పిల్ల ఊరికే కూర్చోలేక ఇంట్లో పుస్తకాలన్నీ తిరగేస్తుంటే, పాపం చదువుకున్నది, మా విభాగంలో ఖాళీ ఉంది, నేను చెప్తాను అని తీసుకెళ్లి పెద్దసారు ముందు నిలబెట్టింది తనే. పెద్దసారు వాళ్ల విభాగాధిపతి, ఎవరినీ మొదటిరోజు మెచ్చుకోని మనిషి, ఆ పిల్లని మొదటిరోజే మెచ్చుకున్నాడు. లైటుబల్ల మీద ఫిల్ము ఎలా పరచాలో, భూతద్దం కన్నుకి ఎంత దూరంలో పట్టుకోవాలో, నీడ పొడవు కొలిచి ఆ వేళకి సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడో చూసి వస్తువు ఎత్తు ఎలా కట్టాలో, అన్నీ పక్కన కూర్చోబెట్టుకుని తనే నేర్పింది. తనకి అది పట్టుబడడానికి మూడేళ్లు పట్టింది, ఆ పిల్లకి ఎనిమిది నెలలు. నీడని చూడు, వస్తువుని కాదు, వస్తువు అబద్ధం చెప్తుంది గాని నీడ చెప్పదు అని తను ఒకసారి అన్న మాటని ఆ పిల్ల ఏదో శిక్షణ తరగతిలో అందరి ముందూ అంది, అందరూ చప్పట్లు కొట్టారు, మా అక్క చెప్పింది అని కూడా అంది, అలా అనకపోయినా బాగుండేది, కోపం తెచ్చుకోవడానికి ఒక కారణమైనా మిగిలేది. ఆ పిల్లలో ఉన్న పెద్ద దుర్గుణం అదే, ఏ దుర్గుణమూ దొరకనివ్వదు.

దొరక్కపోతే తను వెతుకుతుంది, వెతుకుతోందని అందరికీ తెలుసు. చిన్నకోడలికి పాప పుట్టిన ఏడాదికి, తల్లి ఒడిలో ఉన్న దాన్ని చూస్తూ, ఎడమ కన్ను కాస్త పక్కకి వెళ్తోంది, డాక్టరుకి చూపించండి అంది పెద్దకోడలు. పాతికేళ్లు ఫొటోల్లో వెంట్రుకవాసి తేడాలు పట్టుకున్న కళ్లు అవి, కనిపించింది చెప్పింది. అత్తగారు పాపని లాక్కున్నంత పని చేశారు. నీ కళ్లే పడ్డాయి దానిమీద, బంగారంలాంటి పిల్లకి వంక పెడతావా అన్నారు. భర్త ఆ రాత్రి మెల్లగా, నువ్వలా అనకుండా ఉండాల్సింది అన్నాడు. రెండేళ్లకి పాపకి కళ్లజోడు వచ్చింది. ముందే చూపిస్తే జోడు లేకుండా సరిపోయేదని డాక్టరు అన్నాడట, అయినా పెద్దకోడలు ముందే చెప్పింది సుమా అని ఆ ఇంట్లో ఒక్క నోరూ అనలేదు. ఆ అన్యాయాన్ని ఆమె ఇప్పటికీ నమిలి మింగలేక నోట్లోనే పెట్టుకుని ఉంది. కానీ ఆ రోజు ఆ కన్ను సంగతి చెప్తున్నప్పుడు తన గొంతులో ఎక్కడో కొంచెం తియ్యగా ఉన్న మాట కూడా నిజమే. ఆ తీపి ఎవరికీ వినబడలేదనుకుంది. అందరికీ వినబడినట్టుంది.

స్పీకరులో రక్షణమంత్రి లేచాడు. గొంతు సవరించుకోవడానికి ఆయనకి చాలాసేపు పడుతుంది. గౌరవనీయ సభ్యులారా. ఫొటో ముందు గుడ్డ తీసి ఉంటారు ఇప్పుడు, గోడంత ఫొటో, సరిహద్దుకి అవతల ఎండిపోయిన నది ఒడ్డు, దాని పక్కన మట్టిరోడ్డు, రోడ్డు పక్కన పొడవాటి బళ్ల మీద పొడవాటి వస్తువులు, పైన టార్పాలిన్లు. ఎన్ని? ఆమె లెక్కపెట్టినప్పుడు తొమ్మిది. చిన్నకోడలు లెక్కపెట్టినా తొమ్మిదే, పిల్ల లెక్క తప్పేది కాదు. తొమ్మిది పొడవైన వస్తువులు, క్షిపణులు కావచ్చు, అని రాసింది. అక్కడినుంచి ఆ కాగితం ఒక్కో మెట్టూ ఎక్కింది. పెద్దసారు బల్ల దగ్గర కావచ్చు కాస్తా రాలిపోయింది, ఆయన పై ఆయన దగ్గర తొమ్మిది కాస్తా కనీసం తొమ్మిది అయింది, ఆ పై ఆఫీసులో డజనుకి తక్కువ కాకుండా అయింది. ఒక్కరూ అబద్ధమాడలేదు, ఒక్కొక్కరూ కాస్త కాస్త సాయం పట్టారు అంతే. మంత్రి ఇప్పుడు చదువుతున్నాడు, డజన్ల కొద్దీ అంటున్నాడు, మన ఊళ్ల మీదికి నలభై నిమిషాల్లో అంటున్నాడు, ఈ నలభై ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు, ఫొటోలో నిమిషాలు కనబడవు. ఇంతటి ప్రమాదాన్ని పసిగట్టిన మన యువ నిపుణురాలు నా వెనకే ఉన్నారు అన్నాడు. చప్పట్లు. పెద్దకోడలి కడుపులో మంట లేచి గొంతుదాకా వచ్చింది, యుద్ధం వస్తోందన్న భయం కంటే ముందు ఆ మంటే వచ్చింది, ఏది ముందొచ్చిందో ఆమె చూసుకుంది, చూసుకుని సిగ్గుపడింది, మంట మాత్రం దిగలేదు.

అవి క్షిపణులు కావు. ఖాయంగా కావు అని కాదు, అలా అంటే తనూ వాళ్లలాంటిదే అవుతుంది. అదే ఫిల్ములో పధ్నాలుగో ఫొటోలో, చివరి బండి మీద వస్తువు నేల మీద వేసిన నీడ కొసన, గుండ్రంగా చిన్న వెలుగుచుక్క ఉంది. టార్పాలిను గాలికి లేచి రెండు కొసలూ బయటపడ్డ క్షణంలో ఎండ ఆ వస్తువు లోపలినుంచి దూరి నేల మీద పడింది. లోపల ఖాళీగా, రెండువైపులా తెరుచుకుని ఉన్నది గొట్టం. ఎండిన నది పక్కన గొట్టాలు దేనికి? నీళ్లకి. అవతల మనుషులకీ దాహం వేస్తుంది. లేదా ఆ చుక్క ఫిల్ము మీద గీత కావచ్చు, కడిగేటప్పుడు పడ్డ మరక కావచ్చు. ఇంకొకసారి విమానం పంపి, ఇంకొక వేళ, ఎండ ఇంకోవైపు ఉన్నప్పుడు తీయిస్తే తేలిపోతుంది. వారం పని. ఆ వారం అడగాలని ఆ రోజు నోరు తెరిచింది.

తెరిచిన నోరు అలాగే మూసుకుంది కూడా. పోయిన మంగళవారం, మధ్యాహ్నం భోజనాల వేళ, చిన్నకోడలు ఫైలు పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టింది. "అక్కా, తీరిగ్గా చూడు, నీకు తేడా ఏమన్నా కనిపిస్తే చెప్పు, మారుస్తాను" అంది, నిజంగానే అంది, ఆ కళ్లల్లో కల్మషం లేదు. అంతలో పెద్దసారు అటు వచ్చాడు, పైనుంచి మూడుసార్లు ఫోను వచ్చిందట, కంగారులో ఉన్నాడు, కంగారులో ఉన్నప్పుడే ఆయన హాస్యాలాడతాడు. "ఏమ్మా పెద్దకోడలా, సంతకం పడుతుందా, ఇంట్లో పేచీ ఇక్కడికి కూడా తెచ్చారా?" అన్నాడు. గదిలో ఉన్న ఏడుగురూ నవ్వారు. చిన్నకోడలు ఒక్కతే నవ్వలేదు, "అలా అనకండి సార్, మా అక్క అలాంటిది కాదు" అంది. ఆ మాటతో అయిపోయింది. ఇప్పుడు వెలుగుచుక్క అంటే అది పాప కన్ను అవుతుంది. వీళ్ల ఏడుగురి మొహాల్లో అత్తగారి మొహం కనిపించింది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ఆ చుక్కని చూసిన క్షణంలో తనకి గొంతులో మళ్లీ ఆ తీపి తగిలింది. దొరికావే అనుకుంది. దొరికావే అనుకున్న కన్ను చూసింది నిజమా, కుళ్లా? ఏది చెరిపితే ఏది మిగులుతుందో తెలియలేదు. అలాంటిది కాదని అందరి ముందూ అనిపించుకున్న మనిషి అలాంటిది కాకుండా ఉండాలి కదా. కలం తీసి గబగబా సంతకం పెట్టేసింది. పెట్టి నవ్వింది కూడా. పెద్దసారు భుజం తట్టాడు, పెద్దమనసు అన్నాడు.

ఆ పెద్దమనసు అప్పట్నుంచీ రొమ్ములో రాయిలా ఉంది. కొడుకు సరిహద్దు దగ్గర ఉన్నాడు. వాడు తుపాకీ పట్టే దళం కాదు, వంతెనలు కట్టే దళం, అందరికంటే ముందు నీళ్లల్లోకి దిగేది వాళ్లే, వెనకవాళ్లు నడవడానికి దారి వేసేది వాళ్లే. నది ఎండిపోయి ఉంటే దిగడం ఇంకా సులువు, పైనుంచి చూసేవాళ్లకి ఇంకా బాగా కనబడతారు, ఆ సంగతి తనకంటే ఎవరికి తెలుసు, మనుషుల నీడలు పొద్దున పూట ఎంత పొడుగ్గా పడతాయో. ఆదివారం ఫోను చేశాడు. తిన్నావా, నిద్ర పడుతోందా, కాళ్లకి పుండ్లు తగ్గాయా అని అడిగింది. అన్నిటికీ ఊఁ అన్నాడు. ఆఖరికి వాడడిగిన ప్రశ్న ఒకటే. "అమ్మా, పిన్ని ఏమంటోంది? మమ్మల్ని నిజంగా పంపుతారా?" పిన్ని ఏమంటోంది! కన్నది తను, ఆ విభాగంలో వాడు పుట్టకముందునుంచీ ఉన్నది తను, వాడికి కావలసిన మాట మాత్రం పిన్నిది. ఇక్కడే ఉంది పిన్ని, ఇస్తున్నాను, ఆవిడనే అడుగు అని ఫోను ఇచ్చేసి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడింది. వాడితో ఇంకా నాలుగు నిమిషాలు మాట్లాడి ఉండొచ్చు. ఆ నాలుగు నిమిషాలూ పిన్ని మాట్లాడింది, మధ్యలో నవ్వింది కూడా, వాణ్ని నవ్వించింది కూడా.

లేచింది. కిటికీ దగ్గరికి వెళ్లి ఫైల్లోంచి ఫిల్ము తీసి ఎండకి పట్టింది. కింద వీధిలో మామూలు ఉదయం, ఒకాయన కారు అద్దం తుడుస్తున్నాడు, ఒకావిడ బస్సు కోసం పరిగెడుతోంది, వాళ్లెవరికీ మెడ మీద నలభై నిమిషాలు ఉన్నట్టు లేదు. జేబులోంచి చిన్న భూతద్దం తీసి పధ్నాలుగో ఫొటో వెతికింది. ఊపిరి బిగబట్టి చూసింది, ఉంది. నీడ కొసన గుండ్రంగా, అంచులు మెత్తగా. గీత అయితే అంచు పదునుగా ఉంటుంది, మరక అయితే పక్క ఫొటో దాకా పాకుతుంది, ఇది వెలుగే. నూటికి ఎనభై పాళ్లు వెలుగే. ఇప్పుడు తీపి లేదు, నాలుక మీద ఏమీ లేదు, ఎండిపోయింది. హాలు తలుపు పన్నెండు అడుగుల దూరంలో ఉంది. వెళ్లి తోసుకుని లోపలికి పోతే? ఏమని? సంతకం పెట్టిన మనిషి నేనే, నేనే కాదంటున్నాను అని? చిన్నకోడలు తల తిప్పి చూస్తుంది, ఆ మొహం అక్కడికక్కడే పాలిపోతుంది, టీవీలో అత్తగారు చూస్తారు, పక్కింటివాళ్లు చూస్తారు, చూశారా దాని బుద్ధి, కడుపులో పెట్టుకున్నది ఆఖరికి దేశం ముందు కక్కింది అంటారు. ఆ పాలిపోయిన మొహం కళ్లముందు కొంచెంసేపు అలాగే ఉంచుకుని చూసింది. అయ్యో, బాగుంది. ఆ మొహం చూడడానికి బాగుంది. ఛీ అనుకుని వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుంది. వెళ్లను. కానీ అడిగితే చెప్తాను. పద్ధతి ప్రకారం అడిగితే, కాగితం వస్తే, ఉన్నది ఉన్నట్టు రాస్తాను, అప్పుడు అది కుళ్లు కాదు, జవాబు. అడగండి, ఒక్కరైనా అడగండి, మీ అందరిలో ఒక్కరికైనా నోరు లేదా అని స్పీకరు పెట్టెని చూస్తూ కూర్చుంది.

అడిగారు. మంత్రి కూర్చోగానే ఒక ముసలి సభ్యుడు లేచాడు. గొంతుని బట్టే తెలిసింది, రాజకీయాల్లోకి రాకముందు భూములు కొలిచే సర్వేయరుగా చేసినాయన, కొలత మాటెత్తితే ఊరుకోడు. "ఈ అమ్మాయికి సర్వీసు ఎంతండీ?" అన్నాడు. నాలుగేళ్లు అని ఎవరో చెప్పారు. "నాలుగేళ్లా! కొలత గొలుసు పట్టుకోవడం నాకు నాలుగేళ్లకి సరిగ్గా రాలేదు. నాలుగేళ్ల పిల్ల మాట మీద మన పిల్లల్ని పంపమంటారా? దీన్ని రెండోసారి చూసిందెవరు? ఆ మనిషి అనుభవం ఎంత? అది చెప్పండి, ఆ తర్వాత ఓటు సంగతి చూద్దాం." హాల్లో గోల లేచింది. పెద్దకోడలి వెన్ను దానంతటదే నిటారైంది. చిన్నకోడలు ఇప్పుడు అందరి ముందూ నాలుగేళ్ల పిల్ల అయిపోయి కూర్చుని ఉంటుంది, అద్దం ముందు నేర్చుకున్న కూర్చునే తీరు ఎంతవరకు ఆదుకుంటుందో! ఇన్నేళ్లకి, ఇన్నేళ్లకి ఒక మనిషి, కొలత తెలిసిన మనిషి, రెండో చూపు ఎవరిదని అడిగాడు. ఒంట్లో ఏదో వెచ్చగా, మెత్తగా పాకింది. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టే ఉంది.

తలుపు తీసుకుని సభ బంట్రోతు వచ్చాడు, నెరిసిన మీసాల మనిషి, పరిగెత్తడం అలవాటు లేక ఆయాసపడుతున్నాడు. చేతిలో కాగితం. రెండో చూపు వారి అనుభవం ఎంత, అని ఒకే ఒక్క వరుస రాసుంది, కింద కాగితమంతా ఖాళీ. "తొందరగా రాయండమ్మా, మంత్రిగారు మంచినీళ్లు తాగుతూ ఆపుతున్నారు" అన్నాడు. ఆమె కాగితం ఫైలు మీద పెట్టుకుంది. ఖాళీ జాగా కనబడింది, చాలా ఉంది, పధ్నాలుగో ఫొటో చూడండి, వారం ఆగండి, అని రాయడానికి సరిపోగా ఇంకా మిగిలేంత ఉంది. కలం మూత తీసింది. ఇరవై ఆరు సంవత్సరాలు, అని రాసింది. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. బంట్రోతు అందుకుని వెనక్కి తిరిగాడు, తలుపుదాకా వెళ్లాడు. "ఆగండి" అంది ఆమె. అతను ఆగాడు. "ఒక్కసారి ఇటివ్వండి, ఒకటి మర్చిపోయాను" అంది. కాగితం మళ్లీ చేతిలోకి వచ్చింది, కలం కొస ఆ ఖాళీ జాగా పైన కాసేపు నిలబడింది, బంట్రోతు ఆ కాలూ ఈ కాలూ మార్చాడు. ఇరవై ఆరు నిండి రెండు నెలలైంది. ఆరు కొట్టేసి పైన ఏడు వేసింది. నడుస్తున్న ఏడు కూడా లెక్కే కదా.

పెట్టెలో మంత్రి గొంతు మళ్లీ వినబడింది, ఈసారి సవరించుకోలేదు. "సభ్యులు అడిగినందుకు సంతోషం. ఈ ఫొటోలను రెండోసారి పరీక్షించింది దాదాపు ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో తలపండిన నిపుణురాలు. ఆమెకి ఇందులో ఏ సందేహమూ లేదు. ఆమె సంతకం ఇదిగో." సందేహం ఉందా అని తననెవరూ అడగలేదే అన్న మాట ఒకటి మనసులో ఎక్కడో లేవబోయింది గాని, ముప్పై ఏళ్లు, తలపండిన, అన్న మాటలు దాని కంటే ముందొచ్చి కూర్చున్నాయి. అత్తగారు వింటున్నారు. ఆ నిపుణురాలు ఇంకెవరో అనుకుంటారా, లేదు, భర్త చెప్తాడు, మన పెద్దదే అంటాడు, మందుల షాపతనికి కూడా సాయంత్రం చెప్పి తీరాలి. ముసలి సర్వేయరు లేచాడు. "ముప్పై ఏళ్ల చెయ్యంటే ఇంక నేననేదేమీ లేదు, కొలత తెలిసినవాళ్ల మీద నాకు గౌరవం" అని కూర్చున్నాడు. ముప్పై కాదండీ అని చెప్పడానికి బంట్రోతు కూడా గదిలో లేడు. ఉన్నా చెప్పేది కాదేమో. బల్లలు చరిచారు, చాలాసేపు చరిచారు, అందులో చిన్నకోడలి వాటా ఎంతో తన వాటా ఎంతో చెవి పెట్టి వింది, ఎక్కువ తనదేననిపించింది. ఓట్ల గంట మోగింది. అవునన్నవాళ్లు ఇంతమంది, కాదన్నవాళ్లు ఇంతమంది అని ఎవరో చదివారు, అవునన్నవాళ్ల సంఖ్యే చాలా పెద్దదిగా ఉంది. తలుపు తోసుకుని చిన్నకోడలు పరిగెత్తుకొచ్చింది, "అక్కా, నువ్వే లేకపోతే నా పరువు పోయేది" అని మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. పెద్దకోడలు నవ్వుతూ ఆ వీపు నిమిరింది. నిమురుతుండగా, ఆ ముసలాయన లేచి నిలబడ్డ దగ్గర్నుంచి ఇప్పటిదాకా కొడుకు తనకి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదని గుర్తొచ్చింది.